డబ్బా జర్మనీది, కొలత అమెరికాది

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగువాళ్లింట పురుడొస్తే, పలకరించడానికి వచ్చినవాళ్లలో ఒకరైనా జర్మనీ పాలపొడి మాట ఎత్తుతారు. తల్లిపాలు చాలక పోతపాలు పట్టాల్సివస్తే యూరప్ డబ్బాయే మేలంటారు. అందులో కార్న్ సిరప్ ఉండదని, ఆర్గానిక్ అని నమ్మకం.

ఆ మోజు వెనక భయమూ ఉంది. 2022 ఫిబ్రవరిలో క్రోనోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి అనుమానంతో సిమిలాక్ పొడులు కొన్నింటిని వెనక్కి తీసుకున్నారు. వాటిని తయారుచేసే మిషిగన్‌లోని అబాట్ ఫ్యాక్టరీ మూతపడింది. దుకాణాల్లో అరలు ఖాళీ అయ్యాయి. మే 22న సైనిక విమానమే జర్మనీలోని రామ్‌స్టైన్ నుంచి ఇండియానాపొలిస్‌కు పసిపిల్లల ఆహారం మోసుకొచ్చింది. బ్రిటన్ కెండమిల్, ఆస్ట్రేలియా బబ్స్ వంటివాటిని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశీలించి ఇక్కడ అమ్ముకోనిచ్చిందీ ఆ ఏడాదే. విదేశీ పొడి అయినంత మాత్రాన చెడ్డదేం కాదు. చూడాల్సింది అది ఏ దారిన ఇంటికి చేరిందన్నది.

2021 ఆగస్టులో హిప్, హోలె అనే యూరప్ పాలపొడి డబ్బాలను అమెరికాకు తెప్పించి అమ్ముతున్న ఒక సంస్థ వాటిని వెనక్కి పిలవాల్సివచ్చింది. కొన్నింటిలో ఇనుము 100 కేలరీలకు 1 మిల్లీగ్రాము కన్నా తక్కువ. అలాంటప్పుడు బిడ్డకు ఇనుము విడిగా అవసరం కావచ్చని లేబుల్ మీద రాయాలని ఇక్కడి నిబంధన. ఆ మాట వాటి మీద లేదు. అదే డబ్బా ఎవరి సూట్‌కేసులోనో వస్తే, రేపు ఆ బ్యాచ్‌లో లోపం బయటపడినా ఆ తల్లికి కబురు చేసేవాళ్లుండరు.

అన్నిటికన్నా భయపెట్టేది స్కూప్. అమెరికా పొడి చాలామటుకు 2 ఔన్సుల నీళ్లకు, అంటే 60 మిల్లీలీటర్లకు, ఒక స్కూప్. హిప్ లాంటి జర్మన్ పొడి 30 మిల్లీలీటర్లకే ఒకటి. ఆ స్కూపూ చిన్నదే. డబ్బా మీద రాతంతా జర్మన్. అర్ధరాత్రి బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే, నిద్రమత్తులో ఉన్న తండ్రి ఇక్కడి అలవాటుకొద్దీ 4 ఔన్సుల సీసాలో రెండు స్కూపులు వేస్తాడు. వేయాల్సినవి నాలుగు. పాలు సగానికి సగం పలచనవుతాయి. రోజూ అవే పడితే బిడ్డ బరువు పెరగదు, ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. చిక్కగా కలిపినా ప్రమాదమే, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. డబ్బా మారిన రోజే దాని కొలతను తెలుగులో రాసి వంటింటి గోడకు అంటించాలి, సాయానికి వచ్చిన అమ్మమ్మకూ చూపించాలి.

హెచ్‌ఏ (అలర్జీ తక్కువ) అని రాసి ఉన్న జర్మన్ డబ్బాను పాలు పడని బిడ్డకు మందులా కొనేవాళ్లున్నారు. అందులోనూ ఆవుపాల ప్రొటీనే ఉంటుంది, చిన్న ముక్కలుగా విడగొట్టి. పాల అలర్జీ ఉన్న బిడ్డకు అది పట్టకూడదు.

ఏ దేశానిదైనా పొడిలో క్రిములు అసలే ఉండవని చెప్పలేం. అందుకే నీళ్లు మరిగించి, 70 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లారకముందే పొడి కలిపి, తర్వాత చల్లార్చి పట్టమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. రెండు నెలలు నిండని పసికందులకు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు పొడికన్నా సీసాలో సిద్ధంగా వచ్చే ద్రవం మేలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ సలహా. దాన్ని జర్మనీ నుంచి రప్పించనక్కర్లేదు, ఇక్కడి దుకాణాల్లోనే దొరుకుతుంది.