సగం ఇసుర్రాయి

పోయిన ఎండాకాలం మేము గద్వాల నుంచి నాగర్‌కర్నూల్‌కు ఇల్లు మారాం. నాయనకు బదిలీ అయింది. నాకు సెమ్ పరీక్షలు అయిపోయి రెండు రోజులే. ఇంట్లో ఒక మెకానికల్ ఇంజనీర్ ఉన్నాడు కాబట్టి సామాను సర్దే పని మొత్తం నా మీద పడింది. మెకానికల్ అంటే మా అమ్మ లెక్కలో ఫ్యాను విప్పడం దగ్గర్నుంచి గ్యాస్ పొయ్యి బర్నరు కడగడం దాకా అన్నీ వస్తాయి.

నేనూ తక్కువేం తినలేదు. యూట్యూబ్‌లో వీడియోలు చూసి నోట్‌బుక్‌లో లిస్టు రాసుకున్నా. కిరాణా కొట్ల చుట్టూ తిరిగి ఖాళీ అట్టపెట్టెలు పోగేశా. బిస్కెట్ల పెట్టెలు పెద్దగా కనిపిస్తాయి గానీ అట్ట పలుచన, బరువు ఆపవు. నూనె ప్యాకెట్ల పెట్టెలు చిన్నవైనా గట్టివి. ఈ సంగతి నాకు వీడియోలో తెలియలేదు. నా ఇంటర్ పుస్తకాలన్నీ ఒకే పెద్ద పెట్టెలో కుక్కి ఎత్తితే, అడుగు ఊడి అన్నీ నా కాళ్ల మీద పడ్డప్పుడు తెలిసింది. ఐఐటీ మెటీరియల్ అంత బరువుంటుందని అప్పటిదాకా తెలియదు. రెండేళ్లలో ఎప్పుడైనా తీసి ఉంటే కదా! ఇక అక్కణ్నుంచి పుస్తకాలు, ఇనుప సామాను చిన్న పెట్టెల్లో, దుప్పట్లు, దిండ్లు పెద్దవాటిలో పెట్టాను.

పింగాణీ ప్లేట్లకు ఒక్కోదానికి పేపరు చుట్టి, పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టాను. ఒకదాని మీద ఒకటి పేరిస్తే పైవాటి బరువంతా కిందిదాని మీదే పడుతుంది, బండి గుంతలో పడ్డప్పుడల్లా దెబ్బ దానికే. నిలబెడితే దేని బరువు అదే మోసుకుంటుంది. ఎస్‌వోఎం సబ్జెక్టు జీవితంలో మొదటిసారి అక్కరకొచ్చిందని నేను మురిసిపోతుంటే మా అవ్వ వచ్చి చూసింది.

“గాజులోడు పేర్చినట్టు పేర్చినవ్ కదరా” అంది.

మెచ్చుకుందనే అనుకున్నా. వెంటనే గాజు గ్లాసుల పెట్టె చూసి మొహం అదోలా పెట్టింది. “పేపరు ఏం ఆపుతదిరా. జొన్నల్ల పెట్టు” అని తనే జొన్నల సంచి మూతి విప్పి, గ్లాసులను ఒక్కొక్కటిగా లోపలికి దించి, పైన మళ్లీ జొన్నలు పోసి, సంచి కుట్టేసింది. ఎట్లాగూ మోయాల్సిన జొన్నలే, ఎట్లాగూ మోయాల్సిన గ్లాసులే. గింజలు ప్రతి సందులోకీ దూరి గ్లాసును అన్ని వైపుల నుంచీ పట్టుకుంటాయి. నాగర్‌కర్నూల్‌లో విప్పి చూస్తే ఒక్కటి కూడా పగల్లేదు. పేపర్లో చుట్టిన నా ప్లేట్లలో మాత్రం రెండు పోయాయి. ఇది అవ్వకు చెప్పలేదు.

మిగతావి మామూలే. ఫ్రిజ్‌ను ముందురోజే ఆపి, మంచు కరిగించి, తుడిచి, నిలువుగానే ఎక్కించాం. దించాక కూడా కొన్ని గంటలు ఆగి ఆన్ చేశాం, కంప్రెసర్‌లో నూనె కిందికి దిగాలి కదా. టీవీని పరుపుకూ బీరువాకూ మధ్య నిలబెట్టాం. సిలిండర్, రెగ్యులేటర్ నాయన ఏజెన్సీలో అప్పజెప్పి కాగితం తెచ్చుకున్నాడు. కొత్త మామిడికాయ తొక్కు జాడీకి అమ్మ గుడ్డతో వాసెన కట్టి, ఎవ్వరినీ నమ్మకుండా బస్సులో తన ఒళ్లోనే పెట్టుకుంది.

నా లిస్టులో ‘వద్దు’ అని ఒక వరుస ఉంది. విరిగిన కుర్చీ, పాత కూలర్, మా తమ్ముడి మూడు చక్రాల సైకిల్. చివర్లో ఇసుర్రాయి. ఇసుర్రాయి అంటే మొత్తం కూడా కాదు, కింది రాయి ఒక్కటే. పై రాయిని నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూడలేదు. సగం ఇసుర్రాయితో ఏం విసురుతారు? వాకిట్లో నీళ్ల బిందె కింద పీటలాగా ఉండేది, అంతే.

అవ్వ మాత్రం పొద్దున్నుంచి మూడుసార్లు అడిగింది, “రాయి ఎక్కిచ్చినవా?” అని. బొలెరో ట్రాలీ అప్పటికే నిండిపోయింది. తాళ్లు బిగించడం కూడా అయింది. ఇరవై కిలోల రాయి కోసం మళ్లీ ఎవరు విప్పుతారు? దాన్ని దొర్లించుకుంటూ పోయి ప్రహరీ పక్కన వేపచెట్టు మొదట్లో పెట్టి వచ్చి, “ఎక్కిచ్చిన అవ్వా” అన్నాను.

ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి బ్రిడ్జి, పెబ్బేరు, వనపర్తి దాటి సాయంత్రానికి చేరాం. ఆ రాత్రి చాపలు పరుచుకుని ఎక్కడివాళ్లం అక్కడ పడుకున్నాం. తెల్లారి అవ్వ బిందె పట్టుకుని ఇల్లంతా తిరిగింది.

“రాయేదిరా?”

నిజం చెప్పాను. తిడుతుందనుకున్నా. ఏమీ అనలేదు. బిందె అక్కడే పెట్టి, పోయి మెట్ల మీద కూచుంది. మధ్యాహ్నం అమ్మ పిలిచినా తినడానికి లేవలేదు.

రాత్రి నాయన చెప్పాడు. అవ్వ వాళ్ల ఊరు కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డున. శ్రీశైలం డ్యాం నీళ్లలో మునిగిందని నాకు తెలుసు, ఎట్లా ఖాళీ చేశారో తెలియదు. 1981 ఎండాకాలం. ఇటు మహబూబ్‌నగర్ జిల్లాలో, అటు కర్నూలు జిల్లాలో వంద దాకా ఊర్లను లేపారు. పోలీసులు, లారీలు, ఇండ్లు పడగొట్టే యంత్రాలు. జనం తలుపులు, దూలాలు, వాసాలు ఊడబీక్కుని లారీలకు ఎక్కించుకున్నారు. అవ్వ ఇసుర్రాయి కింది సగం ఎక్కించింది. పై సగం ఆఖర్న చేతికి అందేటట్టు అరుగు మీద పెట్టింది. అంతలో ఐదేళ్ల నాయన ఎక్కడికో ఉరికాడు. వాడిని వెతికి పట్టుకొచ్చేసరికి లారీ కదులుతోంది. పిల్లవాణ్ని ఎత్తుకుని ఎక్కింది. రాయి అరుగు మీదే ఉండిపోయింది.

“నా వల్లనే పోయింది ఆ రాయి” అన్నాడు నాయన నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నాయన ఉద్యోగం కూడా ఆ ఇంటి బదులు వచ్చిందే. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిచ్చే 98 జీవో 1986లో వస్తే, నాయనదాకా వచ్చేసరికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఇప్పుడు బదిలీ అయింది ఆ ఉద్యోగానికే.

నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిదో తరగతిలో మమ్మల్ని ఆలంపూర్ తీసుకుపోయిన సంగతి గుర్తొచ్చింది. అక్కడ సంగమేశ్వరాలయం ఉంది కదా, అది అసలు అక్కడిది కాదు. కృష్ణా తుంగభద్ర కలిసే చోట కూడవెల్లిలో ఉండేది, చాళుక్యుల కాలపు గుడి. ఇదే శ్రీశైలం నీళ్లలో మునుగుతుందని రాళ్లకు గుర్తులు వేసుకుని, ఒక్కొక్కటీ విప్పి, తెచ్చి, మళ్లీ అదే వరుసలో నిలబెట్టారు. అతుకు ఎక్కడుందో వెతకాలని మేము గోడల చుట్టూ తిరిగాం, దొరకలేదు. ఏం ఇంజనీరింగ్ రా అని అప్పుడు నోరు తెరిచాను. ఇప్పటికీ అది గొప్ప పనే అంటాను. అంత పెద్ద గుడి రాయి తప్పిపోకుండా వచ్చింది. మా అవ్వకు ఉన్నవి రెండే రాళ్లు.

తెల్లారి మొదటి బస్సుకే బయల్దేరా. వనపర్తిలో మారి గద్వాల చేరేసరికి ఎండ ముదిరింది. రాయి వేపచెట్టు కిందే ఉంది, దాని మీద ఎవరో బట్టలు ఉతుక్కున్నట్టు సబ్బు మరకలు. ఇంటి ఓనరమ్మ చూసి, “తీస్కపో అప్పా, వచ్చేపోయేటోళ్ల కాళ్లకు తాకుతాంది” అంది. గోనెసంచిలో వేసి, మిగిలిపోయిన అట్టలు చుట్టూ దోపి కట్టాను.

కండక్టర్ సంచిని కాలితో కదిపి చూశాడు, కదల్లేదు.

“ఏముందీండ్ల?”

“ఇసుర్రాయి. కింది రాయి ఒక్కటే.”

“మరి పైది?”

“నీళ్లల్ల ఉంది” అన్నాను. ఆయన ఒక నిమిషం నా మొహం చూసి, లగేజీ టికెట్ కొట్టకుండానే ముందుకు పోయాడు. బీచుపల్లి బ్రిడ్జి మీద సంచి దొర్లకుండా రెండు కాళ్ల మధ్య అదిమి పట్టుకున్నాను. కింద కృష్ణలో నీళ్లు సన్నగా, బండల మధ్య అక్కడక్కడా మెరుస్తున్నాయి.

ఇంటికి చేరేసరికి చీకటి పడింది. అవ్వ సంచి ముడి తనే విప్పింది. మధ్యలో ఇనుప సీల ఉందో లేదో తడిమి చూసింది. తర్వాత అరచేత్తో అంచు చుట్టూ నిమురుతూ పోయి ఒకచోట ఆగింది. అక్కడ వేలెడంత పెచ్చు ఊడింది. బస్సులోనో, నేను దొర్లించినప్పుడో.

“జొన్నల్ల పెట్టి తేకపోయినవ్ రా” అంది. లేచి పోయి బిందె తెచ్చి దాని మీద పెట్టింది.