క్లేర్‌మాంట్ పిల్ల, సిడ్నీ పిల్ల, మా ఖని

గోదావరిఖనిలో పాట ఎన్నడూ ఒక్క భాషలో వినపడలేదు. 1990లలో చౌరస్తాలో క్యాసెట్ల దుకాణం ముందు నిలబడితే ఒక డబ్బాలోంచి కుమార్ సానూ, పక్క హోటల్లోంచి గద్దర్, రోడ్డు అవతలి నుంచి కవ్వాలీ. కాజీపేట–బల్లార్షా లైనులో రామగుండం స్టేషన్‌లో దిగేవాళ్లంతా తెలుగువాళ్లు కారు. ఎన్టీపీసీ కొలువులకు ఎక్కడెక్కడి రాష్ట్రాలవాళ్లో వచ్చి జ్యోతినగర్‌లో కాపురాలు పెట్టారు. మా నాయిన సింగరేణి బొగ్గుబాయిల తోటి కార్మికులతో తెలుగులో, మైనింగ్ సర్దార్‌తో ఉర్దూ కలిసిన హిందీలో మాట్లాడేవాడు. ఆఫీసరు ఎదురైతే నాలుగు ఇంగ్లీషు ముక్కలు. టబ్బు, హాలేజీ, క్యాప్ ల్యాంపు, మస్టర్... పనిలో సగం మాటలు ఇంగ్లీషువే. ఇన్ని భాషలు వచ్చినందుకు ఆయనను ఎవరూ మెచ్చుకోలేదు. షిఫ్టు దిగి క్షేమంగా ఇంటికి రావడానికి ఎంత భాష కావాలో అంత నేర్చుకున్నాడు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, కాలిఫోర్నియాలో మా ఇంట్లో కొన్నాళ్లుగా రాజకుమారి మోగుతోంది. మా అమ్మాయి కారెక్కితే ఆమె పాట, స్నానానికి వెళ్తే ఆమె పాట. ఒకరోజు నాయినతో వీడియో కాల్‌లో ఉండగా వెనక అదే మోత.

"గా పిల్ల ఎవరు? మనోళ్ల పిల్లనా?" అన్నాడు.

"అవు నాయినా, తెలుగోళ్లే."

"మరి తెలుగుల పాడదా?"

నా దగ్గర జవాబు లేక టాపిక్ మార్చి మోకాళ్ల నొప్పుల గురించి అడిగాను. ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు.

రాజకుమారి అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు. లాస్ ఏంజెలెస్‌కు తూర్పున ఉన్న క్లేర్‌మాంట్‌లో తెలుగు కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుంది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగింట ఇది మామూలే. శనివారం నాట్యం, ఆదివారం గుడి. మామూలు కానిది ఆ తర్వాతి కథ. మొదట తెర వెనక పాటలు రాసింది. ఇగ్గీ అజేలియా 2013లో పాడిన 'చేంజ్ యువర్ లైఫ్', ఫాల్ అవుట్ బాయ్ 2014లో పాడిన 'సెంచురీస్' రాసినవాళ్లలో ఆమె ఒకరు. అమెరికా రేడియోలో ఆ పాటలు మోగుతున్నప్పుడు వాటిలో ఒక తెలుగమ్మాయి చెయ్యి ఉందని మనకు ఎక్కడ తెలుసు? సొంత గొంతు 2016లో 'ద కమప్' తో మొదలైంది. మరుసటి ఏడు ముంబై ర్యాపర్ డివైన్‌తో కలిసి 'సిటీ స్లమ్స్' పాడాక ఇండియాలో పేరు పాకింది. 2019లో 'బ్లడ్‌లైన్', అదే ఏడు ఎంటీవీ హసల్ పోటీలో జడ్జి కుర్చీ. పూర్తి స్థాయి తొలి స్టూడియో ఆల్బమ్ 'ద బ్రిడ్జ్' మాత్రం 2023 ఏప్రిల్‌లో, తన సొంత లేబుల్ గాడ్‌మదర్ రికార్డ్స్ మీద వచ్చింది.

ఆల్బమ్‌లో బరువు మోసేది ఇంగ్లీషు, దానికి తోడు హిందీ. నాయిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందనుకుంటాను. ముంబై వెళ్లి హిప్‌హాప్‌లో నిలబడాలంటే హిందీ కావాలి. శ్రోతలు అక్కడ ఉన్నారు, డబ్బు అక్కడ ఉంది, సినిమాలు అక్కడ ఉన్నాయి. సర్దార్‌తో నాయిన మాట్లాడిన హిందీకీ ఈమె హిందీకీ కారణం ఒకటే, పని. అయితే నాయిన ఆ హిందీని ఎప్పుడూ తన వేరు, తన రక్తం అనలేదు. పాప్ పరిశ్రమకు అలా ఊరుకోవడం చేతకాదు. ప్రతి భాషనూ 'నా మూలం' అని అట్ట మీద వేసి అమ్మాలి. 'ద బ్రిడ్జ్' నాకు నచ్చని చోట్లన్నీ అవే. నేను రాణిని, నేను రెండు లోకాల దాన్ని అని చాటే పాటలు రెండోసారి వింటే అరిగిపోతాయి. తాను ఎవరో వివరిస్తున్నంతసేపూ ఆమె ఎవరికో అర్జీ పెట్టుకుంటున్నట్టే ఉంటుంది.

వివరించడం మానేసి తాళం పట్టుకున్నప్పుడు మాత్రం లేచి కూర్చుంటాం. ఆమె ర్యాప్‌లో మాటలు పడే తీరు అమెరికా ర్యాపర్లది కాదు. నట్టువాంగం విని పెరిగిన పిల్ల అది. జతులు చెప్పే నాలుక ఇంగ్లీషు మాటలను కూడా జతుల్లాగే విరుస్తుంది, మూడు కొట్టాల్సిన చోట ఐదు కొట్టి మళ్లీ సమానికి వచ్చి పడుతుంది. ఆ నడక కూచిపూడిది, అంటే కృష్ణాతీరానిది. పాటలో తెలుగు వెతుకుతూ మాటల దగ్గరే ఆగిపోతున్నాం గానీ, ఇక్కడ దొరికేది కాళ్లలో. మా అమ్మాయి తెలుగులో పూర్తి వాక్యం చెప్పాలంటే తడబడుతుంది, కానీ ఆ జతులను తప్పు లేకుండా పలుకుతుంది. నాట్యం నేర్పే టీచరమ్మ పుణ్యం.

ఇప్పుడు రెండో పిల్ల సంగతి. 'ద బ్రిడ్జ్' కంటే నెల ముందు, 2023 మార్చి 30న 'దసరా' సినిమా వచ్చింది. సింగరేణి ప్రాంతంలో వీర్లపల్లి అనే ఊళ్లో జరిగే కథ. బొగ్గు దుమ్ము పట్టిన నాని, వెన్నెలగా కీర్తి సురేశ్. అందులో 'చమ్కీల అంగీలేసి' పాట మా వైపు పెళ్లిళ్లలో, ఇక్కడి పార్టీల్లో కూడా ఊపేసింది. తాగొచ్చే మొగుడి మీద పెండ్లాం ఫిర్యాదు, దానికి మొగుడి జవాబు. మా క్వార్టర్లలో గోడ ఇవతలికి వినపడే గొడవే దరువెక్కింది. రాసింది కాసర్ల శ్యామ్, మొగుడి గొంతు రామ్ మిరియాల. ఆ పెండ్లాం గొంతు ధీది. శ్రీలంక తమిళ కుటుంబం పిల్ల, పెరిగింది ఆస్ట్రేలియాలో, సిడ్నీలో. స్వరపరిచిన సంతోష్ నారాయణన్‌కు సవతి కూతురు. 2021లో అరివుతో కలిసి 'ఎంజాయ్ ఎంజామీ' పాడి ప్రపంచమంతా తిరిగిన గొంతు. తమిళం, ఇంగ్లీషు రెంటిలోనూ పాడుకునే పాప్ గాయని.

ఒకే వసంతంలో కాలిఫోర్నియాలో పెరిగిన తెలుగు పిల్ల ఇంగ్లీషూ హిందీ పాడింది, సిడ్నీలో పెరిగిన తమిళ పిల్ల మా బొగ్గుబాయి తెలుగు పాడింది. ధీ పాటను మా ఖనివాళ్లు తమ పాట అనుకున్నారు, ఎక్కడ పెరిగిందని ఎవరూ అడగలేదు. రాజకుమారిని మాత్రం మన పిల్ల కదా, తెలుగులో ఎందుకు పాడదని నిలదీస్తాం. చుట్టాలను అడిగినట్టు పరాయివాళ్లను అడగం మరి.

మా దగ్గరి తెలుగు సంఘం వార్షికోత్సవానికి ఇదే పంచాయితీ వచ్చింది. మా అమ్మాయి, ఇంకో నలుగురు పిల్లలు రాజకుమారి పాటకు నాట్యం కట్టుకున్నారు. కమిటీవాళ్లు ఒప్పుకోలేదు. తెలుగు పాటలకే అనుమతి అని కాగితం చూపించారు. పాడింది తెలుగమ్మాయి అని పిల్లలు వాదించారు. పాట తెలుగుది కావాలి, పాడేవాళ్లు ఎవరైనా ఫరవాలేదు అన్నారు. నియమం తప్పని అనను. కాకపోతే అదే స్టేజీ మీద ముందు ఏడు ఒక ఐటమ్ సాంగ్ దర్జాగా ఆడింది, అందులో తెలుగెంతో వెతుక్కోవాలి. పిల్లలు అలిగి, రెండు రోజుల తర్వాత 'చమ్కీల' పట్టుకొచ్చారు. కమిటీ వెంటనే సరేనంది.

గద్దర్ ఉంటే ఏమనేవాడో అనిపించింది. 2023 ఆగస్టులో పోయాడు. ఆయన పేరు ఎక్కడిది? 1913లో ఇదే అమెరికా పడమటి తీరంలో, మిల్లుల్లో, పొలాల్లో పనిచేసిన పంజాబీ కూలీలు కూడి పెట్టుకున్న గదర్ పార్టీది. వాళ్ల పత్రిక శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చయ్యేది. ఇక్కడ ప్రవాసులు పెట్టుకున్న ఉర్దూ పేరు, తెలంగాణకు చేరి గొంగడి కప్పుకుని, మా చౌరస్తా హోటల్లో క్యాసెట్టయి మోగింది. అప్పుడు అది తెలుగా కాదా అని ఏ కమిటీ కూర్చోలేదు.

ఈ రాకపోకలు మాలాంటివాళ్లకు కొత్త కూడా కాదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు. ఓపెన్‌కాస్టులు పెరిగి, భూగర్భ గనులు మూతపడి ఆ సంఖ్య ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కలకు పడిపోయింది. తండ్రి కొలువు కొడుక్కి వస్తుందన్న భరోసా పోయాక మా తరం కొందరు గల్ఫ్ దారి పట్టారు, కొందరం ఇంజనీరింగ్ చదివి ఇటు వచ్చాం. పాటలు కూడా మాతోనే వచ్చాయి. పిల్లలకు అందేసరికి వాటి భాష మారిందని గోల పెట్టే హక్కు, ఊరు మారిన మాకు ఎంత ఉందో.

'ద బ్రిడ్జ్' లో ఓ నాలుగు పాటలు నా ఫోన్‌లో ఉంచుకున్నాను, పొద్దున ఆఫీసుకు పోయేటప్పుడు వింటాను. తక్కినవి మా అమ్మాయికి వదిలేశాను. తర్వాతి ఆల్బమ్‌లో ఆమె తెలుగులో పాడితే సంతోషమే, మొహమాటానికి పాడే ఒక్క పాట కంటే మాత్రం ఇప్పుడున్న ఆ జతుల నడకే నాకు ఎక్కువ.

వార్షికోత్సవం వీడియో నాయినకు పంపాను. పిల్లలు 'చమ్కీల' మధ్యలో దరువు ఆపించి, రాజకుమారి పాటకు కట్టుకున్న జతి ముక్కను అక్కడ ఇరికించారు. కమిటీవాళ్లు గమనించినట్టు లేదు.

నాయిన చూసి ఫోన్ చేశాడు. "పాట మనదేరా. ఎగురుడే జర గుడికాడి తీరున్నది" అన్నాడు. తర్వాత మనవరాలిని పిలిచి, డిసెంబర్ 23 సింగరేణి డేకు స్టేడియంలో ఆటపాటలుంటయి, అప్పటికి వస్తవా బిడ్డా అని అడిగాడు. అది నాకేసి తిరిగి, సెలవులు ఎప్పటినుంచో చూడమంది.