ఆమ్‌స్టర్‌డామ్ వానలో మా బందరు

ఆన్‌సైట్ మీద నెదర్లాండ్స్ వచ్చి మూడు నెలలైనా ఆఫీసు, రూము తప్ప ఏమీ చూడలేదు. అక్టోబర్‌లో ఓ శుక్రవారం సెలవు పెట్టి, గంటల లెక్కన ప్లాన్ రాసుకుని ఆమ్‌స్టర్‌డామ్ బయల్దేరా. సెంట్రల్ స్టేషన్ బయట అడుగు పెట్టానో లేదో, వాన! మన ముసురు లాంటిదే కానీ గాలితో పక్క నుంచి కొడుతుంది. పది నిమిషాల్లో గొడుగు తిరగబడింది. చుట్టూ చూస్తే, అక్కడివాళ్లు రెయిన్‌కోటు తగిలించుకుని సైకిళ్ల మీద హాయిగా పోతున్నారు.

రెండో దెబ్బ ఆన్ ఫ్రాంక్ హౌస్ దగ్గర. టికెట్లు ఆన్‌లైన్‌లోనే. ప్రతి మంగళవారం, ఆరు వారాల తర్వాతి తేదీలకు వదులుతారు. నేను చూసుకోలేదు. మీరు మాత్రం ఆ తప్పు చేయకండి.

ఇక చేసేదేముంది? అద్దాల కప్పున్న పడవెక్కా. నిజం చెప్పాలంటే వానలో చూడాల్సిన ఊరే ఇది. 17వ శతాబ్దంలో తవ్విన ఈ కాలువల వలయాన్ని 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఒడ్డున ఇళ్లన్నీ సన్నగా, పొడుగ్గా, భుజాలు రాసుకుంటూ నిలబడ్డట్టుంటాయి. ముందు భాగం వెడల్పును బట్టి పన్ను వేసేవారని, అందుకే అంత ఇరుకని చెబుతుంటారు. ప్రతి ఇంటి నెత్తిన ఓ దూలం, దానికో కొక్కెం. పడవల్లో వచ్చిన సరుకుని తాడేసి అటకలోకి లాగేవాళ్లు. మూట గోడకి తగలకుండా ఇంటినే కాస్త ముందుకి వంచి కట్టారు. కాలువ లోతు మూడు మీటర్లట: ఒకటి బురద, ఒకటి సైకిళ్లు, ఒకటి నీళ్లు. జోకే అయినా, ఏటా వేల సైకిళ్లు బయటికి తీస్తారు.

పడవ దిగి డామ్ స్క్వేర్‌కి వెళ్లా. అక్కడి రాజభవనం కింద 13,659 చెక్క స్తంభాలున్నాయట. బురదనేల కదా, కర్రలు దిగ్గొట్టి వాటి మీద కట్టారు. ఇంత చేయడానికి డబ్బెక్కడిదో అనుకుంటూ నడుస్తుంటే వాన మళ్లీ పెద్దదైంది. ఇరుకు వీధిలో ఓ పాత గేటు తెరిచి ఉంటే లోపలికి దూరా. చుట్టూ ఎర్ర ఇటుక గోడలు, మధ్యలో ఖాళీ వాకిలి. విశ్వవిద్యాలయం భవనమట. మ్యాప్‌లో పేరు చూశా: ఈస్ట్ ఇండియా హౌస్.

1602లో పుట్టిన డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ ఆఫీసు అది. నాది మచిలీపట్నం. మా బందరులో ఇదే కంపెనీకి వర్తక స్థావరం ఉండేది. మనవాళ్లు నేసి, అద్దకం వేసిన నూలు బట్టలు ఓడలెక్కి ఇండోనేషియా దీవులకు వెళ్లేవి. అక్కడ బట్టలిచ్చి లవంగాలు, జాజికాయ తీసుకుని, ఇక్కడికి తెచ్చి అమ్ముకునేవాళ్లు. నేను పొద్దున్నుంచి ఫొటోలు తీస్తున్న మేడల్లో ఆ లాభాలూ ఉన్నాయన్నమాట! బట్టలతో ఆగలేదు. కరువొచ్చినప్పుడు కోరమాండల్ తీరంలో మనుషుల్నీ కొని, బానిసలుగా బటేవియాకి, అంటే ఇప్పటి జకార్తాకి తరలించారు. బానిసత్వంలో నగరం పాత్రకి ఆమ్‌స్టర్‌డామ్ మేయర్ 2021 జులై 1న క్షమాపణ చెప్పారు.

తడిసిన బూట్లతో ఆ వాకిట్లో చాలాసేపు నిలబడ్డా. కోపమా అంటే కాదు. నన్నూ ఓ కంపెనీయే పంపింది ఇక్కడికి, కాకపోతే జీతమిచ్చి, రిటర్న్ టికెట్ తీసి. ఆ ఓడలెక్కినవాళ్లకి తిరుగు ప్రయాణం ఉందో లేదో ఎవరు అడిగారు?

నాన్నకి ఫోన్ చేసి, ‘ఎక్కడున్నానో తెలుసా?’ అని అంతా చెప్పా. విని, ‘సరేగానీ, గొడుగుందా?’ అన్నారు.

ఆ రోజు నా ప్లాన్‌లో సగం కూడా పూర్తి కాలేదు. ఎండ కాసుంటే ఆ గేటు ముందు నుంచే వెళ్లిపోయేవాణ్ని. బందరులో డచ్చివాళ్ల సమాధులున్నాయి. చిన్నప్పుడు వాటి పక్క నుంచి సైకిల్ మీద ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు, ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు. ఈ సంక్రాంతికి ఇంటికెళ్లగానే ఆ రాళ్ల మీద పేర్లు చదవాలి.