తీగల కింద వేపచెట్టు

నార్కట్‌పల్లిలో మా పెద్దమ్మ ఇంటి ముందున్న వేపచెట్టుకు తల ఉండదు. ఏటా వానాకాలానికి ముందు కరెంటోళ్లు వచ్చి కొట్టేస్తారు. రెండు పక్కలా కొమ్మలు, మధ్యలో ఖాళీ... పాపట తీసిన జుట్టులా కనిపిస్తుంది. ఆ రోజు పెద్దమ్మ సరిగా అన్నం తినదు. 'బిడ్డ లెక్క పెంచుకున్న' అంటూ లైన్‌మన్‌ను తిడుతుంది. తిట్టాక ఆయనకే మజ్జిగ ఇస్తుంది.

'గాలిదుమారం లేస్తే కొమ్మ తీగల మీద పడ్తదమ్మా. తీగ తెగి వాకిట్ల పడితే ఎవరి పానం పోతదో!' అంటాడాయన.

ఆయన మాట నిజమే. అలాగని చెట్టుదీ తప్పు లేదు. 15 నుంచి 20 మీటర్లు ఎదగడం వేప నైజం. వీధి స్తంభాలేమో 8, 9 మీటర్లు, అందులో కొంత భూమిలోకే పోతుంది. 2015లో హరితహారం మొదలయ్యాక ఊళ్లలో ఇంటింటికీ మొక్కలు ఇచ్చారు. మంచిపనే. కానీ గుంత తీసేవాళ్లు కిందికి చూస్తారే తప్ప పైకి చూడరు!

నాకు వేప కన్నా మునగంటేనే భయం. రెండేళ్లు తిరక్కుండానే తీగలను అందుకుంటుంది. కాయల కోసం ఇంటిల్లిపాదీ ఇనుప కొక్కెం కట్టిన దోటి పట్టుకుంటారు. 11 కేవీ లైనంటే 11 వేల వోల్టులు. దోటి తగలక్కర్లేదు, బాగా దగ్గరికెళ్లినా చాలు. తడిసిన కర్రా, పచ్చికొమ్మా కూడా కరెంటును మోస్తాయి. కొమ్మ తీగకు ఆని ఉంటే, చెట్టెక్కిన పిల్లాడి గతేమిటి?

తీగల కిందే నాటాలనుకుంటే మందార, నందివర్ధనం, దానిమ్మ, నిమ్మ, కరివేపాకు... చేతికందే ఎత్తులో కత్తిరించుకోగలిగినవి చాలు. వేప, మామిడి, చింత లాంటివైతే, రేపు పెద్దయ్యాక కూలినా తీగల మీద పడనంత దూరంలో పెట్టండి.

స్తంభానికి ఊతంగా కట్టిన స్టే వైరు మీదికి సొరపాదు పాకించేవాళ్లున్నారు. చూడ్డానికి ముచ్చటే, కానీ పాదు ఎక్కేది కరెంటు దగ్గరికే. ట్రాన్స్‌ఫార్మర్ అందంగా లేదని చుట్టూ కాగితంపూల మొక్కలు పెంచడమూ అంతే. రాత్రిపూట ఫ్యూజు పోతే టార్చిలైటుతో వచ్చే మనిషికి అడుగుపెట్టే చోటుండాలి. ముళ్లు ఒక ఎత్తు, పొదలో పాము ఇంకో ఎత్తు. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె చుట్టూ పెరిగే సర్కారు తుమ్మతోనూ ఇదే తంటా.

కొమ్మ ఇప్పటికే తీగలకు తగులుతుంటే కత్తి మీరు పట్టొద్దు. 1912కు ఫోన్ చేయండి. లైన్ ఆపించి వాళ్లే కొడతారు. కాసేపు కరెంటు ఉండదు, సీరియల్ పోతుంది. పోనివ్వండి.