ఎస్పెరాంటో – మా యిష్టాయిష్టములు

గృహకృత్యములలో మునిగియుండు స్త్రీకి పరభాషా వ్యాకరణముతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. బాల్యమున మా తండ్రిగారు మాకు అమరకోశమును, బాలవ్యాకరణమును ఇంటనే చెప్పిరి. అందుచే వ్యాకరణ మనిన మాకు నేటికిని ప్రీతి. నిరుడు వేసవి సెలవులలో మావారు ఎస్పెరాంటో భాషను నేర్వబూని మమ్మును తోడు చేసికొనిరి. నాటినుండి రాత్రి భోజనములైన పిదప అరగంట సేపు మా కదియే కాలక్షేపము.

ఈ భాష యే దేశమునను తానై పుట్టినది కాదు. జామెన్‌హోఫ్ అను నేత్రవైద్యుడు దీనిని కల్పించి, 1887వ సంవత్సరమున వార్సా నగరమున ప్రకటించెను. వ్యాకరణమంతయు పదునాఱు సూత్రములు. నామములన్నియు ‘ఓ’తోను, విశేషణములన్నియు ‘ఆ’తోను ముగియును. సూత్రము లెంత స్వల్పములైనను, వాడువారికి ఇష్టాయిష్టములు తప్పవు గదా! మావి కొన్నింటిని విన్నవించెదము.

మొదటిది ద్వితీయావిభక్తి. కర్మపదమునకు ‘న్’ చేర్పవలెను. ఇది భారమని దూఱువారు కలరు; మాకు మాత్ర మిదియే మిక్కిలి ప్రియము. ‘హుందో మోర్దస్ కాతోన్’ అన్నను, ‘కాతోన్ మోర్దస్ హుందో’ అన్నను కఱచునది కుక్కయే, కఱవబడునది పిల్లియే. మన భాషయందువలెనే పదముల నెట్లు త్రిప్పినను అర్థము చెడదు. అయినను తొలుత మేమే తప్పితిమి. తెనుగున ‘అన్నము వండితిమి’ అందుము గాని ‘అన్నమును’ అని ప్రతిసారియు ననము. ఆ యలవాటుచే బియ్యమును ‘రీజో’ అని యూరకుంటిమి. మావారు ‘రీజోన్’ అని దిద్దిరి. ఆ భాషలో ప్రాణ మున్నదానికిని లేనిదానికిని సూత్ర మొక్కటియే.

రెండవది మాకు గిట్టనిది. తండ్రి ‘పాత్రో’. దానికి స్త్రీప్రత్యయమగు ‘ఇన్’ చేర్చినచో ‘పత్రీనో’, అనగా తల్లి. తల్లికి వేఱుమాటయే లేకపోయెను! పురుషునకును ‘ఇచ్’ అను ప్రత్యయమును గూర్చి సమము చేయజూచువారు నేడు కొందఱున్నారు. మేమిట్లు ఆక్షేపింపగా మావారు నవ్వి, “నీ బాలవ్యాకరణ మేమనుచున్నది? ‘ఆమె వచ్చినది, ఆవు వచ్చినది’ అని కాదా?” అనిరి. నిజమే. ఏకవచనమున స్త్రీ ఆవుతో జేరును. బహువచనమున ‘వచ్చినారు’ అని పురుషులతో జేరును. పదుగురము కూడినగాని మనకు ఆ పంక్తిలో చోటు లేదు కాబోలు! మేము మాఱుపలుకలేకపోతిమి.

మూడవది ‘వి’ అను సర్వనామము. ‘నీవు’, ‘మీరు’ – రెంటికిని అదియే. మాకు వివాహమై పదునెనిమిది సంవత్సరములు. మేము వారిని ‘మీరు’ అందుము. వారు మమ్మును ‘నీవు’ అందురు. అందు లోపమున్నదని మా కెన్నడును తోచలేదు. ఒకనాడు అమ్మాయికి జ్వరము. ఉపచారములు ముగించి, ప్రొద్దుపోయిన పిదప వచ్చి కూర్చుంటిమి. మావారు పుస్తకము మూసి, ‘చు వి ఎస్తస్ లాత్సా?’ అనిరి. ‘అలసితిరా?’ అని. అభ్యాసవాక్యములలో ఆ ‘వి’ని ఎన్నిమాఱులో వల్లించియుంటిమి, పుస్తకమున లేని ప్రశ్నయందు దానిని వినుట అదియే మొదలు. మేము వారిని పిలుచు మాటతోనే వారు మమ్మును పిలిచిరి. బదులు చెప్పుటకు మాకు ఒక్క పదమైనను జ్ఞప్తికి రాలేదు.

తెల్లవారిన పిదప తెనుగున యథాప్రకారము ‘నీవు’. దానికి మాకు చింత లేదు.

ఒక్కటే కొఱత. ‘మేము’, ‘మనము’ అను రెంటికిని అందు ‘ని’ యను నొకే మాట. వినువారు అందు చేరుదురో లేదో తెలియదు. తెనుగునందువలె రెండు మాటలుండిన బాగుండునని మా కోరిక. లేనందున, మావారు ‘ని’ అన్నపుడెల్ల మేము ‘మనము’ అనియే గ్రహించుచున్నాము.