ఉగ్గుగిన్నె

వన్ టౌన్‌లో పెరిగిన నాకు పులి అంటే ముందుగా దసరాయే గుర్తుకు వస్తుంది. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి అలంకారాలు జరుగుతుండగా కింద మా సందుల్లో డప్పు మోగేది. ఒంటినిండా పసుపురంగు, నల్లచారలు పూసుకున్న పులివేషగాడు గుమ్మం ముందు గంతులు వేస్తుంటే నేను అమ్మమ్మ చీరకుచ్చెళ్ళ వెనుక దాక్కునేవాణ్ణి. అసలు పులిని పెంచే యోగం ఎవరికోగాని పట్టదు. నాకు దాని దాయాది దొరికింది.

అప్పుడు నాకు పదేళ్ళు. కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర ఒక కొట్టు వెనుక, గోనెసంచుల నడుమ తల్లి లేని పిల్లికూన అరుస్తూ కనిపించింది. చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. అమ్మమ్మ అటక మీదినుంచి ఉగ్గుగిన్నె దింపి ఇచ్చింది. దానితోనే పాలు పట్టాను. ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. ఎవరు పిలిచినా తోక నిలబెట్టుకుని వెళ్ళేది. అది చూసి నేనెంత మురిసిపోయానో! నాలుగు నెలల తరువాత ఒకనాడు వీధికుక్క దగ్గరకు కూడా అలాగే తోక నిలబెట్టుకుని వెళ్ళింది.

ఆ రాత్రి అమ్మమ్మ నన్ను తిట్టలేదు. "దానికి పాలిచ్చావు గాని, భయం ఇవ్వలేదురా నాన్నా. అది తల్లి ఇచ్చేది" అన్నది.

ఆ మాట నాకు మళ్ళీ 2023 మార్చిలో జ్ఞాపకం వచ్చింది. నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులికూనలు దొరికాయి. నాలుగూ ఆడవే. కుక్కల బారిన పడకుండా గ్రామస్థులు వాటిని కాపాడారు. అటవీశాఖవారు తల్లిపులి కోసం నల్లమలలో రాత్రింబవళ్ళు గాలించారు. కూనలను అడవి అంచున ఉంచి ఎదురుచూశారు. తల్లి రాలేదు. చివరకు వాటిని తిరుపతి జంతుప్రదర్శనశాలకు తరలించారు.

ఆ కూనలను సాకవలసిన వారి స్థితి ఎటువంటిదో ఆలోచించండి. పులికూన కళ్ళు మూసుకునే పుడుతుంది. రెండేళ్ళ దాకా తల్లి వెంట ఉండి, నక్కి ఉండటమూ, వేటాడటమూ, మనిషికి దూరంగా తొలగిపోవటమూ నేర్చుకుంటుంది. పాలు మనం పట్టగలం. ఆ రెండేళ్ళ చదువు ఎవరు చెప్పాలి? కూనను చేతుల్లోకి తీసుకున్నవాడికి ఎత్తుకోవాలనే ఉంటుంది. కాని అడవికి పంపదలచుకుంటే, అది తనను గుర్తుపట్టకుండా చూసుకోవలసినవాడూ అతడే.

అది అసాధ్యమేమీ కాదు. మధ్యప్రదేశ్‌లోని కాన్హాలో, 2005లో తల్లిని పోగొట్టుకున్న ఆడకూనలను విశాలమైన ఆవరణలో, మనుషుల మచ్చిక తగలకుండా పెంచారు. వేట వాటికవే నేర్చుకున్నాయి. 2009 నాటికి ఒక్క పులి కూడా మిగలని పన్నా అడవిలో 2011లో వాటిని వదిలారు. వాటిలో ఒకటి ఆ ఏడే పిల్లలను కన్నది. పెంచిన మనిషి వాసన ఎరుగని ఆ పిల్లలే ఆ పెంపకానికి ఫలితం.

అన్ని కూనలూ బతికి అడవి చేరతాయన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. తల్లి చాటున పెరిగే కూనలకే ఆ భరోసా లేదు. అయినా తాను పెంచిన పులి తనను చూసి పొదల్లోకి తప్పుకుంటే, ఆ కాపరి సంతోషించవలసి ఉంటుంది. ప్రేమించేవాడికి ఇంతకంటే కఠినమైన పని ఇంకేముంటుంది?

మా పాత ఇంటి పిట్టగోడ మీద ఇప్పుడొక తల్లిపిల్లి మూడు కూనలతో తిరుగుతోంది. మొన్న నేను మేడమెట్లు ఎక్కుతుంటే తల్లి ఒక్కసారి గుర్రుమన్నది. మూడు కూనలూ క్షణంలో మాయమయ్యాయి.

ఒకప్పుడైతే చిన్నబుచ్చుకునేవాణ్ణి. ఈసారి చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి మెట్లు దిగివచ్చాను.