ఆఖరివాడికే మొదటి ముద్ద!

సెప్టెంబరు ఆఖరి శనివారం గడిచిందంటే మెల్‌బోర్న్‌లో ఫుట్‌బాల్ అయిపోయినట్టే. లక్షమంది పట్టే ఎంసీజీ మైదానంలో గోల్ స్తంభాలు పీకేస్తారు. ఎక్కడో పెంచిన క్రికెట్ పిచ్‌ని లారీ మీద తెచ్చి నడిమధ్యలో దించుతారు. ఊరు గుర్రప్పందేల మీదికి మళ్లుతుంది. నవంబరు మొదటి మంగళవారం జరిగే మెల్‌బోర్న్ కప్ పందెం కోసం నగరమంతటికీ ఏకంగా ప్రభుత్వ సెలవే ఇచ్చేస్తారు మరి!

కానీ ట్రామ్ ఎక్కి కాస్త చెవి ఒగ్గితే తెలుస్తుంది... ఫుట్‌బాల్ ఎక్కడికీ పోలేదని. స్వాన్ స్ట్రీట్ పబ్బుల్లో, లైగన్ స్ట్రీట్ కాఫీ బల్లల దగ్గర, ఆఫీసు లిఫ్టుల్లో నడుస్తున్న చర్చంతా ఆటగాళ్ల గురించే. అదీ ఎవరి గురించి? ఇంతవరకూ ఒక్క పెద్ద మ్యాచ్ కూడా ఆడని పద్దెనిమిదేళ్ల పిల్లల గురించి! 'వాడి ఎడమకాలు పనికిరాదు' అని ఒకరు. 'ఎత్తు చాలదు, ఇంకో రెండు అంగుళాలుంటే...' అని ఇంకొకరు. పెళ్లిచూపులకు వెళ్లొచ్చిన పెద్దవాళ్లు కూడా అన్ని వంకలు పెట్టరేమో.

ఇదంతా 'డ్రాఫ్ట్' ముచ్చట. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్... ఏఎఫ్‌ఎల్‌లోని 18 క్లబ్బులు ఏటా నవంబరులో కొత్త కుర్రాళ్లను పంచుకునే తంతు. అక్టోబరులో క్లబ్బుల మధ్య ఆటగాళ్ల మార్పిళ్లు ముగిసిన దగ్గర్నుంచి ఆ రాత్రి వరకూ అభిమానులకు ఊహాగానాలే తిండీ నిద్రా.

తిరగేసిన కౌన్సెలింగ్

మన పిల్లల కౌన్సెలింగ్ గుర్తుందిగా? ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్. ఒకటో ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థి ముందు వెళ్లి నచ్చిన కాలేజీ ఎంచుకుంటాడు. డ్రాఫ్ట్ దాన్ని తిరగేసి బోర్లించినట్టుంటుంది. ఇక్కడ ఎంచుకునేది కాలేజీ, అంటే క్లబ్బు. అదీ ఆ ఏడాది పట్టికలో అట్టడుగున నిలిచిన క్లబ్బుకే మొదటి వంతు. కప్పు గెలిచినవాళ్లది చివరి వంతు. కుర్రాడు మాత్రం 'నాకు ఫలానా ఊరు కావాలి' అనడానికి లేదు. ఎవరు పిలిస్తే అక్కడికి పోవాల్సిందే. ఐపీఎల్ వేలంతో కూడా దీనికి పోలిక కుదరదు. అక్కడ డబ్బున్నవాడిది పైచేయి. ఇక్కడ ఓడినవాడిది.

అసలీ ఆటే ఓ వింత. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఒక్కో జట్టుకి పద్దెనిమిది మంది. ఆడేది క్రికెట్ మైదానాల్లో. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు, పక్కనుంచి పోతే ఒకటి. ఎంసీజీ బయట టామ్ విల్స్ అనే పెద్దమనిషి కంచు విగ్రహం ఒకటుంది. 1858 ఆగస్టులో రెండు స్కూళ్ల మధ్య జరిగిన ఆటకు ఆయన అంపైరుగా నిలిచిన దృశ్యమది. విల్స్ అసలు క్రికెటరు. చలికాలంలో క్రికెటర్ల ఒళ్లు బద్ధకించకుండా ఏదో ఒక ఆట కావాలంటూ అదే ఏడాది పత్రికకు ఉత్తరం రాశాడు. మర్నాటి సంవత్సరం, 1859 మేలో, మైదానానికి దగ్గర్లోని ఓ హోటల్లో నలుగురూ కూర్చుని పది నిబంధనలు రాసేశారు. క్రికెట్‌కి తోడుగా పుట్టిన ఆట ఇప్పుడా ఊళ్లో క్రికెట్‌ని మించిపోయింది.

ఆ క్లబ్బులన్నీ నిన్నమొన్నటి దాకా పేటల క్లబ్బులు. రిచ్‌మండ్, కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్, ఫుట్‌స్క్రే... ఏ వీధిలో పుడితే ఆ జట్టు. తాత జట్టే మనవడి జట్టు. పల్లెల్ని కూడా 1960ల చివర్లో క్లబ్బుల మధ్య పంచేశారు. మంచి మాగాణి దక్కినవాళ్లు ఏళ్ల తరబడి పంట కోసుకున్నారు. చవుడు నేల దక్కినవాళ్లు ఏడుస్తూ కూర్చున్నారు. ఆ తేడా సరిచేయడానికే 1986లో మొదటి డ్రాఫ్ట్ పెట్టారు. తొలిసారి తొలి పిలుపు అందుకున్నది మార్టిన్ లెస్లీ. పిలిచింది బ్రిస్బేన్ బేర్స్.

పల్లె మైదానాల్లో వేట

ఊహాగానాలకు ముడిసరుకు దొరికేది నగరంలో కాదు, బయట. మెల్‌బోర్న్ నుంచి ఏ దిక్కుకు రెండు గంటలు ప్రయాణించినా ఒక ఊరూ, ఊరికో కోలాకారపు మైదానమూ, దాని పక్కనే ఆడపిల్లల నెట్‌బాల్ కోర్టూ కనిపిస్తాయి. శనివారం మైదానం చుట్టూ కార్లు ముక్కులు లోపలికి పెట్టి నిలబడతాయి. చలికి కారు దిగకుండానే ఆట చూసే ముసలివాళ్లుంటారు. సొంతజట్టు గోలు కొట్టగానే చప్పట్లకు బదులు హారన్లు మోగుతాయి. చేతిలో టమాటా సాసు వేసుకున్న వేడివేడి మీట్ పై. కమ్ముకొచ్చిన మబ్బు పది నిమిషాల్లో కురిసి, ఇంకో పది నిమిషాల్లో ఎండ కాసినా ఎవరూ కదలరు.

ఇలాంటి ఊళ్లలో మెరికల్లాంటి పిల్లలు బెండిగో పయనీర్స్, గిప్స్‌ల్యాండ్ పవర్, ముర్రే బుష్‌రేంజర్స్ లాంటి ప్రాంతీయ కుర్ర జట్లకు వెళతారు. క్లబ్బుల వేగులు నోటుపుస్తకాలతో అక్కడ వాలిపోతారు. వాళ్ల పక్కనే, జీతంలేని వేగులు... అభిమానులు! ఇరవై మీటర్ల పరుగు ఎన్ని సెకన్లు, రెండు కిలోమీటర్లు ఎన్ని నిమిషాలు, నిలబడి ఎంత ఎత్తు ఎగిరాడు... సీజను ముగిశాక జరిగే పరీక్షల ఫలితాలు వీళ్లకు కంఠతా వచ్చు. పత్రికలూ ఊరుకోవు. ఏ క్లబ్బు ఎవర్ని పిలుస్తుందో ముందే రాసేసి 'ఉత్తుత్తి డ్రాఫ్ట్'లు అచ్చేస్తాయి. నవంబరులో వాటికున్న గిరాకీ మన ఎన్నికల ముందు సర్వేలకు ఉంటుంది. నిజమయ్యేదీ అంతంత మాత్రమే.

అన్నిసార్లూ అంత ఉత్కంఠ ఉండదులెండి. ముర్రే నదికి దగ్గర్లో టొంగాలా అని పాడి పశువుల ఊరుంది. అక్కడి హార్లీ రీడ్ పేరు 2023 డ్రాఫ్ట్‌కు ఏడాది ముందునుంచే మోగిపోయింది. ఆ ఏడాది అట్టడుగున నిలిచింది పెర్త్ నగరపు వెస్ట్ కోస్ట్ ఈగల్స్. మొదటి వంతు మాకిస్తే అంతకు అంత ఇస్తామని మిగతా క్లబ్బులు బేరాలాడాయి. వాళ్లు వదల్లేదు. టొంగాలా కుర్రాడు ఖండం అవతలి ఒడ్డుకు వెళ్లాడు. 2025లో మళ్లీ వెస్ట్ కోస్టే ఆఖరు. మళ్లీ విక్టోరియా పల్లె కుర్రాడే ఒకటో నంబరు. గిప్స్‌ల్యాండ్‌లోని ఫాస్టర్‌ నుంచి విలెమ్ డూర్స్‌మా. మెల్‌బోర్న్ నుంచి పెర్త్‌కు విమానంలోనే దాదాపు నాలుగు గంటలు.

ఓడితేనే లాభమా?

అభిమానుల నోళ్లలో నానే పాత కథలకు లెక్కలేదు. 2001 డ్రాఫ్ట్ పేరెత్తితే చాలు, కళ్లు మెరుస్తాయి. ఒకటో పిలుపు ల్యూక్ హాడ్జ్, రెండోది ల్యూక్ బాల్, మూడోది క్రిస్ జడ్. హాడ్జ్ హాథార్న్‌కు కెప్టెన్‌గా 2013, 14, 15ల్లో వరసగా మూడు కప్పులు అందించాడు. జడ్ ఏటా అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం రెండుసార్లు గెలిచాడు. అదే డ్రాఫ్ట్‌లో 58వ పిలుపు దాకా మిగిలిపోయిన డేన్ స్వాన్ కూడా 2011లో అదే పతకం మెడలో వేసుకున్నాడు! అంతకుముందు 1990లో ఎసెండన్‌కు 79వ పిలుపులో దొరికిన జేమ్స్ హర్డ్ సంగతి సరేసరి.

కార్ల్‌టన్ అభిమానుల దగ్గర మాత్రం ఈ కబుర్లు కాస్త జాగ్రత్తగా ఎత్తాలి. 2002లో ఆ క్లబ్బు చరిత్రలో మొదటిసారి ఆఖరి స్థానానికి జారింది. పోనీ ఒకటో వంతయినా దక్కుతుందనుకుంటే, జీతాల పరిమితిని దాటి దొంగచాటుగా చెల్లింపులు చేసినందుకు 9 లక్షల 30 వేల డాలర్ల జరిమానాతో పాటు ఆ వంతులూ పోయాయి. వాళ్లు పిలవాల్సిన బ్రెండన్ గొడార్డ్ సెయింట్ కిల్డాకు వెళ్లాడు.

తర్వాత 2005, 2006, 2007... మూడేళ్లూ ఒకటో పిలుపు కార్ల్‌టన్‌దే. అందులో మూడోది దక్కిన తీరు మీద ఇప్పటికీ వాదనే. వరసగా రెండేళ్లు మరీ తక్కువ మ్యాచ్‌లు గెలిచినవాళ్లకు అదనంగా ఒక వంతు ఇచ్చే నిబంధన అప్పట్లో ఉండేది. 2007 ఆఖరి మ్యాచ్‌లో మెల్‌బోర్న్ మీద గెలిస్తే ఆ వంతు పోతుంది. కార్ల్‌టన్ ఓడింది. మాథ్యూ క్రూజర్ అనే ఆజానుబాహువు దక్కాడు. ఆ మ్యాచ్‌కు జనం పెట్టిన పేరు 'క్రూజర్ కప్'! తమాషా ఏమిటంటే, గాయాలు క్రూజర్‌ని పీడించాయి. వెంటనే రెండో వంతులో రిచ్‌మండ్ పిలిచిన ట్రెంట్ కాచిన్ మాత్రం కెప్టెన్‌గా 2017, 2019, 2020ల్లో మూడు కప్పులెత్తాడు. కార్ల్‌టన్ చివరిసారి కప్పు గెలిచింది 1995లో.

మెల్‌బోర్న్ క్లబ్బు కూడా 2009లో కావాలనే ఓడిందన్న ఆరోపణ వచ్చింది. ఏఎఫ్‌ఎల్ విచారణ జరిపి, ఓడాలని ఆడినట్టు తేలలేదంటూనే 2013లో 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. తేలకపోతే జరిమానా ఎందుకో? పబ్బుల్లో ఆ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. ఆ 2009 డ్రాఫ్ట్‌లో మొదటి రెండు వంతులూ మెల్‌బోర్న్‌వే. మూడో వంతులో రిచ్‌మండ్‌కు దొరికినవాడు డస్టిన్ మార్టిన్. కాచిన్ ఎత్తిన మూడు కప్పుల ఫైనళ్లలోనూ ఉత్తమ ఆటగాడు అతనే! గెలుపు తక్కువైనంత మాత్రాన తనంతట తానే వచ్చిపడే అదనపు వంతుని తర్వాత తీసేశారు.

జట్టు కట్టి చూపించినవాళ్లూ ఉన్నారు. 2019లో ఒకే స్కూల్లో చదివిన ఇద్దరు స్నేహితులు మాట్ రోవెల్, నోవా ఆండర్సన్... ఒకటి, రెండు పిలుపులుగా గోల్డ్ కోస్ట్‌కు వెళ్లారు. 2011 నుంచి ఆడుతున్నా ఒక్కసారీ నాకౌట్ ముఖం చూడని ఆ జట్టు 2025లో చూసింది. రోవెల్‌కు ఆ ఏడాదే బ్రౌన్‌లో పతకం.

తండ్రి పేరు చెప్పుకుని

'ఎవరు పిలిస్తే అక్కడికే' అన్నదానికి ఓ మినహాయింపుంది. తండ్రి ఒకే క్లబ్బుకు వంద మ్యాచ్‌లు ఆడి ఉంటే కొడుకు మీద ఆ క్లబ్బుకు హక్కుంటుంది. మన సినిమా కుటుంబాలు గుర్తొస్తే తప్పు పాఠకుడిది కాదు! అయితే ఊరికే రాడు. వేరే క్లబ్బు ఆ కుర్రాణ్ని ఏ వంతులో పిలిస్తే, ఆ వంతు విలువకు సరిపడా తమ వంతుల్ని సొంత క్లబ్బు వదులుకోవాలి. మొదటి వంతు విలువ 3,000 పాయింట్లు. అలా దిగుతూ పోతాయి. 2021లో నిక్ డైకోస్‌ను గోల్డ్ కోస్ట్ నాలుగో వంతులో పిలిస్తే, తండ్రి పీటర్ ఆడిన కాలింగ్‌వుడ్ లెక్క చెల్లించి తెచ్చుకుంది. రెండేళ్లకే కప్పు గెలిచింది. ఇలాంటి కుర్రాళ్ల కోసం ఇచ్చే రాయితీ 20 శాతం ఉండేది, 2025 నుంచి 10కి తగ్గించారు. 'వారసులకు చవగ్గా పెడుతున్నారు' అన్న గొణుగుడు మిగతా అభిమానుల్లో అంతకుముందు నుంచీ ఉంది. ఒకవైపు బలహీనుణ్ని లేపడానికే డ్రాఫ్ట్ అంటూ, ఇంకోవైపు బలవంతుడికి ఇంటి దొడ్డిదారి తెరవడం చూస్తే ఆ గొణుగుడులో న్యాయం ఉందనే అనిపిస్తుంది.

పశ్చిమ శివార్లలోని పాయింట్ కుక్, టార్నీట్‌లలో తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. ఆ పేటల పిల్లలు ఆస్కిక్ అనే బడిపిల్లల శిక్షణలో గుడ్డుబంతిని తన్నడం నేర్చుకుంటుంటే, క్రికెట్ తప్ప ఎరగని తల్లిదండ్రులు గీత అవతల నిలబడి నిబంధనలు నేర్చుకుంటుంటారు. అక్కడి పెద్దజట్టు వెస్టర్న్ బుల్‌డాగ్స్, పాత ఫుట్‌స్క్రే. 1954 తర్వాత మళ్లీ 2016లోనే కప్పు చూసింది. ఆ ఫైనల్లో ఆఖర్లో దూరం నుంచి గోలు తన్ని గెలుపు ఖాయం చేసినవాడు టామ్ బోయిడ్. అతనూ 2013లో ఒకటో పిలుపే.

పరీక్షలు, పెట్టె సర్దుకోవడాలు

ఆ బోయిడ్ 2019లో ఇరవై మూడేళ్లకే ఆట మానేశాడు. మానసిక, శారీరక సమస్యలతో ఇక ఆడలేనన్నాడు. ఇంకా చేతిలో ఉన్న పెద్ద ఒప్పందాన్నీ వదిలేశాడు. ఊహాగానాల సందడిలో మరుగునపడేది ఇదే. వీళ్లు పిల్లలు. విక్టోరియాలో పన్నెండో తరగతి పరీక్షలు అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు మధ్య దాకా జరుగుతాయి. అంటే తన గురించి ఊరంతా పందేలు కాస్తుంటే, ఆ కుర్రాడు లెక్కల పరీక్ష రాస్తుంటాడు. మరో వారంలో డ్రాఫ్ట్. ఆ తర్వాత పెట్టె సర్దుకుని ఎక్కడికెళ్లాలో అప్పటిదాకా తెలీదు. ఏ పరాయి ఇంట్లో బస చేయాలో తెలీదు.

2021 ఒకటో పిలుపు జేసన్ హార్న్-ఫ్రాన్సిస్ దక్షిణ ఆస్ట్రేలియావాడు. మెల్‌బోర్న్‌కొచ్చి నార్త్ మెల్‌బోర్న్‌కు ఒక్క సీజను ఆడి, సొంతూరు అడిలైడ్‌లోని పోర్ట్ అడిలైడ్‌కు వెళ్లిపోయాడు. తర్వాత బంతి అతని చేతికొచ్చినప్పుడల్లా ఎదుటి జట్టు అభిమానులు గేలిచేశారు. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఇంటి మీద బెంగ ఉండకూడదని ఏ నిబంధనలోనూ లేదు.

డ్రాఫ్ట్ రాత్రి మొత్తమ్మీద పేరు వినబడేది ఓ అరవై డెబ్బై మందికి. టీవీలో చూపించేది వాళ్లనే. కొత్త జెర్సీ తొడుక్కుని, అమ్మను కౌగిలించుకుని, కెమెరాకు నవ్వుతూ... మిగతా వందలమంది పల్లెల్లో హాల్లో చుట్టాలందరి మధ్యా కూర్చుని, ఒక్కో పేరు పోతుంటే మౌనంగా సోఫాలో ఇంకాస్త దిగబడుతుంటారు. వాళ్లకు తర్వాత 'రూకీ డ్రాఫ్ట్' ఒకటుంది. అదీ తప్పితే సీజను మధ్యలో పెట్టే చిన్న డ్రాఫ్ట్. అది 2019లో మళ్లీ మొదలైంది. ఆ ఏడాదే రిచ్‌మండ్ పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి మార్లియన్ పికెట్‌ను తీసుకుంది. ఏళ్లపాటు ఏ క్లబ్బూ పిలవని పికెట్‌కు అప్పటికి ఇరవై ఏడేళ్లు. సెప్టెంబరు ఆఖరి శనివారం ఎంసీజీలో లక్షమంది ముందు తన మొట్టమొదటి ఏఎఫ్‌ఎల్ మ్యాచ్ ఆడాడు. అది ఫైనల్. ఒక గోలు కొట్టాడు. రిచ్‌మండ్ 89 పాయింట్ల తేడాతో గెలిచింది.